మాయమైన పదిహేడు వందల బళ్లు

ఉదయం ఎనిమిదీ నలభైకి, జీబ్రా గీతల మీద, పచ్చలైటు పడ్డాక, ఆ ఇంజనీరు చనిపోయాడు.

గుద్దింది చెత్త లారీ. నంబరు ప్లేటు లేదు. బ్రేకు వెయ్యలేదు. గుద్దాక ఆగలేదు. మూడు సందుల అవతల, సగం కూల్చేసిన ఒక గోడౌను వెనక ఖాళీగా దొరికింది. స్టీరింగు తుడిచి ఉంది. సీటు తుడిచి ఉంది. అంత శుభ్రమైన చెత్త లారీని ఆ నగరంలో అంతకుముందు ఎవరూ చూసి ఎరగరు.

పోయినాయన పని ట్రాఫిక్ సిమ్యులేషన్. నగరంలోని రోడ్లన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించి, నాలుగు లక్షల బొమ్మ వాహనాలను వాటి మీద నడిపి, ఏ పాలసీ పెడితే ఏ జంక్షన్ ఏమవుతుందో ముందుగా చెప్పడం. ఇరవై రెండేళ్లు అదే చేశాడు. అన్ని లక్షల బళ్లలో ఏది ఎప్పుడు ఎటు తిరుగుతుందో చెప్పగలిగిన మనిషి, తన మీదికొస్తున్న ఒక్కదాన్ని చూసుకోలేకపోయాడు.

పోలీసు రిపోర్టులో ఒకటే లైను. పాదచారి నిర్లక్ష్యం, ఎర్రలైటులో దాటాడు.

మరునాడు పదకొండు గంటలకు, మూతపడ్డ కళ్లజోళ్ల షాపు వెనక గదిలో, గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్ ఫైలు తెరిచాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. అసలు పేరు తెలిసినవాళ్లు ముగ్గురే. అందులో ఇద్దరు రిటైరయ్యారు.

ఎదురుగా కూర్చున్న ఏజెంటుని గుమస్తా అంటారు. నలభై ఐదేళ్లు, సన్నటి మీసం, మోచేతుల దగ్గర నలిగిన చొక్కా. ఏ ఆఫీసులో అడుగుపెట్టినా అక్కడే ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నవాడిలా కనిపిస్తాడు. మూడు దేశాల్లో మూడు ముఠాలు అతణ్ణి ఎదురెదురుగా చూసి కూడా గుర్తుపెట్టుకోలేకపోయాయి. అంతకు మించిన గాడ్జెట్ డిపార్ట్‌మెంట్ దగ్గర లేదు.

"ఈ కేసు నీకివ్వకూడదు," అన్నాడు పెద్దాయన. "రూలు ఒప్పుకోదు."

"మరి?"

"పోయినాయన మీ బావ. ఆ ఇంట్లోకి నువ్వు చెప్పులిప్పి నేరుగా వెళ్లిపోగలవు. ఇంకెవరు వెళ్లినా మీ అక్క సవాలక్ష ప్రశ్నలు వేస్తుంది."

 గుమస్తా మోచేతి దగ్గర చొక్కా మడత సర్దుకున్నాడు.

"సోమవారం పొద్దున పదింటికి పాలసీ త్రీ మొదలవుతుంది. సిటీ మధ్యలో రోడ్లన్నీ వన్‌వే. కొత్త సిగ్నల్ టైమింగులు. దాని మీద మీ బావ ఏదో రాయబోయాడు. రాసేలోపే లారీ వచ్చింది. ఆయన కనిపెట్టింది ఏంటో నాకు కావాలి. ఇవాళ గురువారం."

"లోపల మనవాళ్లు ఎవరైనా?"

"నెమలి. సిమ్యులేషన్ సెంటర్లో కన్సల్టెంట్. మనం వెంటాడుతున్న విదేశీ ముఠా దగ్గర జీతం తీసుకుంటోంది. మన దగ్గరా తీసుకుంటోంది."

"ఇంతకీ ఎవరి మనిషి?"

"ఈ నెలకి మన మనిషే," అని ఫైలు మూసేశాడు పెద్దాయన. "కోడ్ చెప్తాను. రాసుకోకు."

అక్క ఇల్లు మూడో అంతస్తులో. హాలు నిండా చుట్టలు చుట్టిన రోడ్డు మ్యాపులు. గుమ్మం పక్కన బావ బూట్లు, ఒకటి నిలబడి, ఒకటి పక్కకి వాలి. వాటిని ఎవరూ కదపలేదు. అక్క ఏడవడం లేదు. వంటింట్లో గిన్నెలు ఒకదాంట్లో ఒకటి సర్దుతోంది, మళ్లీ తీస్తోంది, మళ్లీ సర్దుతోంది.

"ఒరేయ్, ఆయన ఎర్రలైటులో దాటారంటున్నార్రా," అంది. "పెళ్లయిన కొత్తలో, సినిమాకి టైమైపోతోందని నేను చెయ్యి పట్టి లాగితే ఫుట్‌పాత్ మీదే నాతో పోట్లాటేసుకున్నారు. లైటు పడనీవే, లైటు పడనీ అని. మేం వెళ్లేసరికి సినిమా సగం అయిపోయింది. అలాంటి మనిషి రా..."

"తెలుసక్కా."

"నీకేం తెలుసు? మీ ఇన్సూరెన్స్ వాళ్లకి కాగితం మీద ఉన్నదే నిజం."

గుమస్తా ఇన్సూరెన్స్ ఇన్‌స్పెక్టరని ఆ ఇంట్లో అందరి నమ్మకం. పద్దెనిమిదేళ్లుగా అదే అబద్ధం. ఆ రోజు మొదటిసారి అది నోటికి చేదుగా తగిలింది.

"ఈ మధ్య ఆఫీసు సంగతులేమైనా చెప్పారా?"

"బళ్లు మాయమైపోతున్నాయే అనేవారు. భోజనం దగ్గర అదే మాట. హాస్పిటల్ జంక్షన్లో పదిహేడు వందల బళ్లు మాయమయ్యాయట. 'పోలీసులకి చెప్పండి, దొంగల్ని పట్టుకుంటారు' అన్నాను. పగలబడి నవ్వాన్రా నేను." గిన్నె చేతిలోంచి జారింది. అప్పుడు ఏడ్చింది.

చాలాసేపటి తర్వాత కళ్లు తుడుచుకుని, "ఆ పొద్దున ఎవరో ఫోన్ చేశారు," అంది. "ఆఫీసు నుంచేనట. ఆడగొంతు. రోడ్డుకి అవతలున్న కాఫీ హోటల్లో కలుద్దామందట."

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి సిమ్యులేషన్ సెంటర్లోకి ఒక ఏసీ మెకానిక్ వచ్చాడు. నీలం యూనిఫాం, భుజాన రబ్బరు గొట్టం, ముఖాన విసుగు. గార్డు ఐడీ కూడా అడగలేదు.

గోడంత స్క్రీన్ మీద నగరం కదులుతోంది. రోడ్లు సన్నటి గీతలు, బళ్లు ఆవగింజలంత చుక్కలు. ఆ గీతల్లో ఎక్కడో తన ఇల్లు ఉంటుంది, అక్క ఇల్లు ఉంటుంది. బావ రోజూ ఇక్కడ కూర్చుని ఇదంతా పైనుంచి చూసేవాడన్నమాట.

"చలి ఎక్కువైందటగా మేడమ్, ఈ గదిలో?"

ఆమె తల తిప్పింది. ముదురాకుపచ్చ కోటు, పొట్టి జుట్టు, చెవులకి నీలం రాళ్లు. ఆమె లేచి నడుస్తుంటే చుట్టుపక్కల కీబోర్డుల చప్పుడు తడబడింది.

"చలి కంప్యూటర్లకి. మనుషులకి ఉక్కపోతే," అంది. "సర్వర్ రూమ్‌లో చూడండి."

సర్వర్ రూమ్‌లో ఫ్యాన్ల రొద. పక్కవాడి మాట పక్కవాడికి తప్ప వినపడదు. నెమలి ఒక లాప్‌టాప్ తెరిచింది.

"ఇది హాస్పిటల్ జంక్షన్. సిమ్యులేషన్‌లో ఒక్కోసారి బళ్లు ఒకదానికొకటి అడ్డం పడి ఇరుక్కుపోతాయి. అలా వదిలేస్తే మొత్తం రన్ బిగుసుకుపోతుంది. అందుకని ఐదు నిమిషాలపాటు కదలని బండిని కంప్యూటర్ తనంతట తనే తీసేస్తుంది. ఎప్పుడో ఒకటీ అరా. సెట్టింగ్స్‌లో దానికో అంకె ఉంటుంది. మూడు వందల సెకన్లు."

"ఎవరో మార్చారు."

"ముఠావాళ్లు ముప్పై చేయించారు. ఒక్క సున్నా తీసేశారు, అంతే. అర నిమిషం ఆగితే చాలు, బండి మాయం, రోడ్డు ఖాళీ. పాలసీ వన్, బస్సులకి వేరే లేన్. ప్రయాణ సమయం ఆరు శాతం తగ్గింది. పాలసీ టూ, సిటీ మధ్యలోకొచ్చే కార్లకి రుసుం. తొమ్మిది శాతం. ఆ రెండిటినీ అసలు అంకెతో నడిపారు. దొంగ అంకెతో నడిపింది పాలసీ త్రీ ఒక్కదాన్నే. పద్దెనిమిది శాతం! కమిటీ చప్పట్లు కొట్టింది."

"నిజం రోడ్డు మీద పెడితే?"

"నిజం బళ్లు మాయం కావుగా," అంది నెమలి.

"ముఠాకి ట్రాఫిక్ జామ్ దేనికి?"

"సోమవారం పదింటికి జైలు నుంచి కోర్టుకి ఒక వ్యాన్ బయల్దేరుతుంది. అందులో ముఠా దగ్గర్నుంచి పారిపోయొచ్చిన రేడియో ఆపరేటర్ ఉంటాడు. మీ గవర్నమెంట్‌లో వాళ్లకి అమ్ముడుపోయిన తొమ్మిది మంది పేర్లు అతనికి కంఠతా వచ్చు. ఇన్నాళ్లూ ఆ వ్యాన్‌కి ఐదు దారులు. పాలసీ త్రీ వస్తే ఒకటే దారి. హాస్పిటల్ జంక్షన్. అక్కడ పదకొండు నిమిషాలు ఆగుతుంది. అసలు అంకెతో రన్ చేసి మరీ చూసుకున్నారు."

"షూటర్?"

"జంక్షన్ పక్కన పార్కింగ్ బిల్డింగ్. మూడో అంతస్తు."

గుమస్తా రబ్బరు గొట్టాన్ని భుజం మార్చుకున్నాడు. "ఇంజనీరుకి ఫోన్ చేసిందెవరు?"

చెవి రాయి మీద ఆమె వేలు ఆగింది.

"నేనే. పిలవమన్నారు, పిలిచాను. బెదిరించి వదిలేస్తారనుకున్నా." లాప్‌టాప్ మూసేసింది. "ఆ కాల్‌కి నాకు పర్మిషన్ ఉంది."

"ఎవరి పర్మిషన్?"

"అది నన్ను కాదు అడగాల్సింది."

శనివారం పెద్దాయనా గుమస్తా కలిసి రవాణా కార్యదర్శి దగ్గరికి వెళ్లారు. కార్యదర్శి అంతా విన్నాడు. పెన్ను మూత పెట్టాడు, తీశాడు.

"మోడల్ తప్పంటే దాన్ని ఆమోదించిన కమిటీ తప్పనేగా? కమిటీలో నేనున్నాను. సోమవారం మినిస్టర్‌గారు బటన్ నొక్కుతున్నారు. శిలాఫలకం చెక్కడం కూడా అయిపోయింది. మీరు కావాలంటే మంగళవారం రండి."

మెట్లు దిగుతూ గుమస్తా అడిగాడు. "వ్యాన్ బయల్దేరే రోజైనా మార్చొచ్చుగా?"

"మారిస్తే షూటర్ దొరకడు, ముఠా దొరకదు. వ్యాన్ వెళ్తుంది. పార్కింగ్ బిల్డింగ్‌లో మనవాళ్లు ఆరుగురుంటారు. కింద నువ్వుంటావు."

"వ్యాన్‌లో ఉండే మనిషికి తను ఎర అని చెప్పారా?"

"చెప్తే వ్యాన్ ఎక్కడు," అన్నాడు పెద్దాయన.

సోమవారం పది గంటలకి హాస్పిటల్ జంక్షన్లో కొత్త లైట్లు వెలిగాయి. పది ఎనిమిదికి మొదటి హారన్. పది ఇరవైకి హారన్లు విడివిడిగా వినిపించడం మానేశాయి.

జంక్షన్ మధ్యలో ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. సన్నటి మీసం, నలిగిన యూనిఫాం. హెల్మెట్ లోపల చెవికి ఇయర్‌పీస్. అతణ్ణి తిట్టనివాళ్లు లేరు. పాలసీ పెట్టినవాళ్లు కనిపించరు కాబట్టి జనం కనిపించినవాణ్ణి తిడుతున్నారు. వాళ్లని తప్పుపట్టాలని గుమస్తాకి అనిపించలేదు.

పది ఇరవై మూడుకి వ్యాన్ వచ్చింది. మధ్య లేనులో, స్టాప్ లైనుకి పది బళ్ల వెనక ఆగిపోయింది. ముందూ వెనకా కార్లు. ఎస్కార్ట్ మోటార్ సైకిళ్లు రెండూ ఎక్కడో వెనకే చిక్కుకుపోయాయి.

ఇయర్‌పీస్‌లో నెమలి గొంతు, పరుగెత్తుతున్నట్టు ఎగపోస్తూ. "పార్కింగ్ బిల్డింగ్‌లో షూటర్ లేడు. ప్లాన్ మార్చేశారు. అంబులెన్స్..."

లైన్ తెగిపోయింది.

గుమస్తా తలెత్తి చూశాడు. హాస్పిటల్ ముందు రోడ్డు. అంబులెన్సులు రెండున్నాయి.

ఒకటి ఎడమ లేనులో, వ్యాన్‌కి పక్కనే, ఓ బారు ముందుకి. రెండోది కుడి లేనులో, నాలుగు బళ్ల వెనక. రెండూ సైరన్ కొడుతున్నాయి. రెండో దాని డ్రైవరు కిటికీలోంచి సగం బయటికొచ్చి అరుస్తున్నాడు. "సార్! ముసలాయన ఊపిరాడక కొట్టుకుంటున్నాడు సార్! మీ కాళ్లు పట్టుకుంటా, దారిప్పించండి!"

మొదటి దాని డ్రైవరు అద్దం ఎత్తుకుని ఎటో చూస్తున్నాడు.

తేడా తెలిసిపోతున్నట్టే ఉంది. కానీ పద్దెనిమిదేళ్లు వేషాలు వేసి బతికినవాడు ముఖాల్ని నమ్మడు. దొంగ డ్రైవరు బతిమాలగలడు. నిజం డ్రైవరు విసిగిపోయి అద్దం ఎత్తుకోగలడు. ఒకేసారి రెండు లేన్లు ఖాళీ చేయించడం ఎవరి తరమూ కాదు. ముందు ఒకదానికి దారివ్వాలి. వ్యాన్ పక్కనున్నది మొదటిది.

విజిల్ ఊదుకుంటూ ఎడమ లేను మీద పడ్డాడు. రెండు మోటార్ సైకిళ్లని ఫుట్‌పాత్ మీదికి ఎక్కించాడు. ఒక కారుని అడ్డంగా తిప్పించాడు. టాక్సీ డ్రైవరు బూతులు తిడుతూనే పక్కకి జరిగాడు. నాలుగు నిమిషాలు పట్టింది. వెనక రెండో అంబులెన్స్ డ్రైవరు అరుపు ఆపేశాడు. గొంతు పోయిందో, ఆశ పోయిందో.

హాస్పిటల్ గేటుదాకా దారి ఖాళీ.

"పద!" అని చెయ్యూపాడు గుమస్తా.

మొదటి అంబులెన్స్ కదల్లేదు.

సైరన్ మోగుతోంది. ఎదురుగా దారి తెరిచి ఉంది. గేటు యాభై గజాల దూరంలో ఉంది. డ్రైవరు రోడ్డు వైపు చూడటం లేదు. పక్క అద్దంలో వ్యాన్‌ని చూస్తున్నాడు.

దారిస్తే వెళ్లని అంబులెన్స్.

గుమస్తా పరుగెత్తాడు. వెనక తలుపు నాలుగు వేళ్ల మేర తెరుచుకుంది. ఆ సందులోంచి నల్లటి గొట్టం బయటికొచ్చి వ్యాన్ కిటికీ వైపు తిరిగింది. ఇనప జాలీ వెనక ఒక ముఖం అంబులెన్స్‌ని జాలిగా చూస్తోంది, లోపల ఎవరికో బాగాలేదనుకుని.

ఒళ్లంతా బరువు చేసుకుని గుమస్తా తలుపు మీద పడ్డాడు. తలుపు గొట్టాన్ని నొక్కేసింది. తుపాకి పేలింది. తూటా వ్యాన్‌ని తాకలేదు. ఫుట్‌పాత్ మీదున్న సిగ్నల్ కంట్రోల్ బాక్స్‌లోకి దూరింది. జంక్షన్లో లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

లోపలివాడు తలుపు తంతున్నాడు. డ్రైవరు దూకి పారిపోబోయాడు. కానీ బంపరుకి బంపరు ఆనుకుని ఉన్న బళ్ల మధ్య దూరడానికి సందు దొరకలేదు. కార్ల మీదికెక్కి నాలుగు కప్పులు దాటాడు. ఐదోదాని మీద ఉండగా టాక్సీ డ్రైవరు అతని కాలు పట్టుకుని లాగేశాడు. పార్కింగ్ బిల్డింగ్‌లోని ఆరుగురూ అప్పటికి పరుగున చేరుకుని తలుపు దగ్గర కాపు కాశారు.

లైట్లు లేని జంక్షన్లో గుమస్తా నడి మధ్యకి వెళ్లి రెండు చేతులూ ఎత్తాడు. ఒక వైపు ఆపాడు, ఒక వైపు వదిలాడు. రెండు నిమిషాల్లో వ్యాన్ కదిలి వెళ్లిపోయింది. దాని వెనకే రెండో అంబులెన్స్.

మధ్యాహ్నం అదే యూనిఫాంలో క్యాజువాలిటీకి వెళ్లాడు. ముసలాయన గేటు దగ్గరే పోయాడని నర్సు చెప్పింది. ఐదు నిమిషాలు ముందొచ్చినా చూసేవాళ్లమంది. ఆమెకి తెలిసి అన్నది కాదు. రోజూ అనే మాటే.

బెంచీ మీద కూర్చున్న ఆయన కూతురు గుమస్తాని చూసి లేచింది. "మీరే కదండీ జంక్షన్లో మాకు దారిప్పించింది?" అంది, రెండు చేతులూ జోడించి. "మిగతా అందరూ చూస్తూ నిలబడ్డారు. మీ మేలు మర్చిపోలేను."

 గుమస్తా హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని, గోడ పక్కనుంచి నడుచుకుంటూ బయటికొచ్చేశాడు.

నాలుగు గంటలకి కళ్లజోళ్ల షాపులో పెద్దాయన హుషారుగా ఉన్నాడు. "తొమ్మిది పేర్లూ చెప్పేశాడు. నలుగురు అప్పుడే అరెస్టు. మిషన్ సక్సెస్."

"బావ రిపోర్టు మార్పించండి. ఎర్రలైటు అన్న మాట తీసేయించండి."

"కుదరదు. హత్య అని రాస్తే ఎవరు పిలిచారన్న ప్రశ్న వస్తుంది. నెమలి తప్పించుకుంది. ఇంకా పనికొస్తుంది."

"పిలవడానికి పర్మిషన్ ఇచ్చింది మీరే."

పెద్దాయన కిటికీ తలుపు దగ్గరికి లాగాడు. "పిలవనంటే ఆమెని అనుమానించేవాళ్లు. మేమూ ఊరికే ఒప్పుకోలేదు. ఎన్ని రకాలుగా జరగొచ్చో కంప్యూటర్లో వేసి చూశాం. ఎక్కువ రన్స్‌లో ఆయనకి కాలు విరిగింది. బతికాడు."

"నాకు కేసిచ్చిన రోజు ఇది చెప్పలేదు."

"చెప్తే నువ్వు ఎక్కవు," అన్నాడు పెద్దాయన. తన మాట తనకే వినిపించినట్టు ఆగిపోయాడు.

గుమస్తా ఐడీ కార్డు టేబుల్ మీద పెట్టాడు. పెద్దాయన దాన్ని ముట్టుకోలేదు. 

మంగళవారం కంట్రోల్ బాక్స్ బాగుచేశారు. పాలసీ త్రీ మళ్లీ మొదలైంది. ఎత్తేస్తే విదేశీ ముఠాకి లొంగినట్టవుతుందని రవాణా కార్యదర్శి ప్రకటన ఇచ్చాడు. అరెస్టయిన నలుగురిలో ఆయన లేడు. ఆయన ఎవరికీ అమ్ముడుపోలేదు. తప్పు ఒప్పుకోవడం ఇష్టంలేక చేశాడు, అంతే. దానికి శిక్ష వేసే సెక్షన్ లేదు.

ఆ సాయంత్రం గుమస్తా అక్క దగ్గరికి వెళ్లాడు. మ్యాపులన్నీ ఒక మూలకి చేర్చి ఉన్నాయి. చెప్పకూడని విషయాలు వందున్నాయి. అందులో ఒక్కటి చెప్పాడు.

"అక్కా, బావ పచ్చలైటులోనే దాటారు."

అక్క అతని ముఖంలోకి చూసింది. ఎలా తెలుసని అడగలేదు. ఎవరు చెప్పారని అడగలేదు. పద్దెనిమిదేళ్లుగా అడగనివన్నీ ఆ చూపులో ఉన్నాయి.

"ఈ మాట ఇంకెవరితోనైనా అంటావా?"

"అనలేనక్కా."

"సరే. నాతో అన్నావు కదా," అని మొహం అటు తిప్పుకుంది. "టీ తాగి వెళ్లు."

తిరిగి వెళ్లేటప్పుడు బస్సెక్కాడు. రెండు స్టాపులు దాటాక ఆగిపోయింది. ముందు బళ్లు, వెనక బళ్లు. ఎవరూ హారన్ కూడా కొట్టడం లేదు. ఒక్కరోజులోనే అలవాటు పడిపోయారు. కండక్టరు ఖాళీ సీట్లో కూర్చుని కాళ్లు చాపుకున్నాడు.

"తర్వాతి స్టాపుకి ఎంతసేపు పడుతుంది?" అని అడిగాడు గుమస్తా.

"గవర్నమెంటు లెక్క ప్రకారం నాలుగు నిమిషాలు సార్," అన్నాడు కండక్టరు, కళ్లు మూసుకునే. "తొందరేమీ లేకపోతే కూర్చోండి. ఉంటే దిగి నడవండి."